నూకాలు మలుపులో పవర్ స్టీరింగు

యారాడ పల్లె నుంచి కొండెక్కి టౌనుకేసి, సింధియా వైపు దిగాలంటే మలుపులు బోల్డు. అన్నిట్లోకీ పేరున్నది ఒక్కటే. పేరంటే మంచి పేరు కాదు.

ఊళ్ళోంచి లెక్కపెడితే నాలుగోది. ఒకపక్క కొండ. ఇంకోపక్క ఏమీ లేదు... కింద ఎక్కడో సముద్రం ఉంటుంది గానీ చీకట్లో కనపడదు, వినపడుతుంది. మెలిక ఎలాంటిదంటే, బండి ముక్కు మళ్ళీ వచ్చిన దారినే చూస్తుంది. పగలు టౌను జనం అక్కడ ఆగి ఫొటోలు దిగుతారు. పొద్దుపోయాక మాత్రం యారాడ వాళ్ళెవరూ అక్కడ హారను కొట్టరు. కొడితే... ఎవరో పలుకుతారట.

ఎవరో ఏంటి. నూకాలు.

నూకాలు చేపలమ్ముకునే మనిషి. నాలుగేళ్ళ కిందట, వానాకాలం, తెల్లారుజామున మూడున్నరకి, చేపలోళ్ళని గాజువాక బజారుకి తీసుకెళ్ళే ఆటో ఆమెని ఎక్కించుకోకుండా వెళ్ళిపోయింది. ఆటో పోయిందని బేరం మానుకుంటారా. గంప నెత్తిన పెట్టుకుని వానలో కొండెక్కింది. నాలుగో మలుపు దగ్గర రోడ్డు అంచు నీళ్ళకి కోసుకుపోయి ఉంది...

అంతే.

తెల్లారాక చూస్తే గంప మాత్రం రోడ్డు మీద నిటారుగా కూర్చుని ఉంది. ఒక్క చేప కూడా ఒలకలేదు. మధ్యాహ్నానికి పోలీసులొచ్చారు. అప్పుడూ గంప ఉంది. చేపలు లేవు.

ఊరు ఏడవలేదని కాదు. ఏడ్చింది. పులుసు తిని ఏడ్చింది.

ఆ ఆటో తోలినవాడి పేరు ఎల్లాజీ. ఇది వాడి సంగతే. అప్పటికి వాడికి ఇరవై రెండేళ్ళు. ఆ రోజు ముందు సీట్లో వాడి పక్కన ఇరుక్కుని గంగాలమ్మ కూర్చుంది. యారాడ చేపలోళ్ళకి గంగాలమ్మే పెద్ద. ఆవిడ తుమ్మితే బండి ఆగాలి, దగ్గితే కదలాలి.

“నూకాలు రానేదు పిన్నీ,” అన్నాడు ఎల్లాజీ.

“దాని కోసం మన బేరాలు మానుకుంటామేట్రా. పోనీ.”

పోనిచ్చాడు. పదడుగులు పోయాడో లేదో, అద్దంలో టార్చిలైటు ఊగింది. వానలో, ఇంజను మోతలో, వెనక నుంచి ఓ పిలుపు... “ఎల్లాజీ...” మళ్ళీ. మళ్ళీ. మూడు సార్లు. లోపలున్న వాళ్ళెవరికీ వినపడలేదు— టార్పాలిన్ కట్టేసి ఉంది, నోళ్ళు తెరిచేసి ఉన్నాయి. వాడికి మాత్రం మూడూ వినపడ్డాయి.

గేరు మార్చాడు.

తరవాత పోలీసులడిగారు, ఊరడిగింది. “కనపళ్ళేదు, ఇనపళ్ళేదు,” అన్నాడు. మూడు సార్లన్న సంగతి కన్నతల్లికి కూడా చెప్పలేదు. తాగినప్పుడు నోరు జారుతుందేమోనని తాగడమే మానేశాడు. దాంతో ఊళ్ళో మంచి కుర్రాడని పేరొచ్చింది.

ఇక్కడ బజారు సంగతి ఒకటి చెప్పాలి. చేపలోళ్ళకి ఓ కట్టుబాటు ఉంది. తల్లి కూర్చున్న గట్టు మీద కూతురు కూర్చుంటుంది. కాగితాల్లేవు, సంతకాల్లేవు, అదే చట్టం. ఇంట్లో చావైతే మైల తీరేదాకా గంప ఎత్తకూడదు కాబట్టి, ఈలోగా బయటోళ్ళు దూరకుండా అయినవాళ్ళెవరో ఆ చోటు కాస్తారు. నూకాలు చోటు మంచి చోటు. గేటు ఎదురుగా, నీడన, కుళాయి పక్కన. “నాను కాస్తాను,” అంది గంగాలమ్మ, కళ్ళు తుడుచుకుంటూ.

నాలుగేళ్ళయింది. ఇంకా కాస్తానే ఉంది.

నూకాలు కూతురు దేవి అప్పటికి పదహారేళ్ళ గుంట. ఇప్పుడు ఇరవై. అందరితోపాటు ఎల్లాజీ బండిలోనే వచ్చి, బజారు వెనక మురుక్కాలవ పక్కన గోనెసంచి పరుచుకుని కూర్చుంటుంది. ఆ మూలకి ఈగలొస్తాయి, పిల్లులొస్తాయి, బేరం రాదు. “మా అమ్మ సోటు పెద్దమ్మా...” అని అడిగినప్పుడల్లా గంగాలమ్మ నవ్వేది. “నీకింకా బేరం సెయ్యడం తెల్దే. నేర్సుకో, ఇత్తాను.”

ఈగలతో బేరం నేర్చుకుంటోంది దేవి.

ఆ నాలుగో ఏడు, రెండువేల ఆరులో, ఎల్లాజీ ఆటో అమ్మేసి వ్యాను కొన్నాడు. ఆనందపురం జంక్షన్ దగ్గర ఎవరో వదిలించుకుంటుంటే సెకండ్‌హ్యాండులో పట్టాడు. పద్నాలుగు సీట్లు, గంపలకి నెత్తిమీద కేరేజీ, అన్నిటికన్నా గొప్ప— పవర్ స్టీరింగు. యారాడకి పవర్ స్టీరింగు రావడం అదే మొదలు. చిటికెన వేలితో తిప్పి చూపించేవాడు.

“సూడు పిన్నీ, ఒక్క ఏలు.”

“మిగతా ఏళ్ళు ఏటి సేత్తన్నాయిరా. కాస్త గంపలెత్తు,” అనేది గంగాలమ్మ.

మూడు నెలలు బాగానే నడిచింది. కార్తీకం చలి పడింది. ఓ తెల్లారుజామున, నాలుగో మలుపులో స్టీరింగు పూర్తిగా తిప్పేసరికి—

ఊఁ... ఊఁఊఁ...

సన్నగా మొదలైంది. చక్రం తిరిగేకొద్దీ పైకి లేచింది. ఇంక తిరగడానికి లేదన్న చోట, ఎవరో గొంతు పట్టుకున్నట్టు అక్కడే నిలబడింది. స్టీరింగు వదలగానే... తెగిపోయింది.

వ్యాన్లో పద్నాలుగు నోళ్ళున్నాయి. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి పద్నాలుగూ ఒకేసారి మూసుకున్నాయి.

“ఎవరే అది...” అని ఎవరో గుసగుసగా అన్నారు.

“ఎవరో నీకు తెల్దేటి.”

మర్నాడు మళ్ళీ. ఆ మర్నాడూ. ఎక్కేటప్పుడూ అక్కడే, దిగేటప్పుడూ అక్కడే. ఇంకే మలుపులోనూ లేదు. ఆ మూలుగులో మాటలేమీ లేవు. కానీ వినేవాళ్ళు ఎవరి మాటలు వాళ్ళు వేసుకున్నారు.

“సేపలడగతంది,” అంది కాంతం, వెనక సీట్లోంచి వణుకుతూ. “ఆ రోజే సెప్పేను, ఆ గంపలో వంజరం మనకొద్దని.”

“సెప్పి తిన్నావు గదే,” అంది పక్కావిడ.

గంగాలమ్మ మాత్రం మూడో రోజు బజార్లో తనంతట తనే లేచింది. “ఓలె దేవీ, ఇలగ రా. ఇక్కడ కూకో. నాకు మోకాళ్ళు పట్టేత్తన్నాయి, కాళ్ళు సాపుకోడానికి అటుపక్కకి పోతాను.” నాలుగేళ్ళుగా పట్టని మోకాళ్ళు ఆ రోజు పట్టేశాయి.

దేవి తల్లి చోట్లో కూర్చుంది. మొదటి రోజే పదింటికల్లా గంప ఖాళీ. సాయంత్రం కాంతం ఇంటి నుంచి దేవికి కూర గిన్నె వచ్చింది. ఇంకో ఇంటి నుంచి పాత చీర. నూకాలు బతికుండగా గుక్కెడు గంజి పొయ్యని ఊరు, దాని కూతురికి గిన్నెలకి గిన్నెలు మోసింది. ఓ మూలుగుకి ఎంత శక్తి ఉంటుందో చూడండి.

మరి ఎల్లాజీకి ఏం వినపడేది? వాడి పేరే వినపడేది.

చిటికెన వేలితో తిప్పడం మానేశాడు. రెండు చేతులతో పట్టుకునేవాడు. ఈలోగా జనం జారిపోవడం మొదలైంది. పద్నాలుగు మంది తొమ్మిదయ్యారు, తొమ్మిది అయిదయ్యారు. మిగతావాళ్ళు గవర్రాజు ఆటోలో ఒకరి ఒళ్ళో ఒకరు కూర్చుని పోతున్నారు. ఇంకో నెల ఇలాగే నడిస్తే వ్యాను వచ్చిన దారినే ఆనందపురం పోతుంది, వాడు వెళ్ళి గవర్రాజు ఆటో కడుక్కోవాలి.

అప్పుడు సన్యాసిరాజుని పిలిపించారు. దెయ్యాలు దింపడంలో ఆనందపురం చుట్టుపక్కల పేరున్న మనిషి. పగలే వచ్చాడు. నాలుగు కొట్టేలోపు కొండ దాటించేయాలని ముందే మాట తీసుకున్నాడు. చీకటి పడ్డాక ఆ మలుపంటే ఆయనకి భయం.

నాటుకోడి తిన్నాడు. చెయ్యి కడుక్కున్నాడు. “సప్పుడు ఎక్కడ్నుంచి వత్తంది?” అన్నాడు.

ఎల్లాజీ వ్యానుని మలుపులోకి తీసుకెళ్ళి ఆపి బానెట్టు ఎత్తాడు. ఇంకొకడు ఇంజను స్టార్టు చేసి స్టీరింగు తిప్పి పట్టుకున్నాడు. చెవి దగ్గర పెట్టి వింటే... మూలుగు ఓ మూల నుంచి వస్తోంది. అక్కడ గుండ్రటి మూతతో చిన్న ప్లాస్టిక్ డబ్బా ఉంది. సన్యాసిరాజు దానికి దణ్ణం పెట్టాడు.

“ఇందులో ఉంది.”

“ఎవరు?”

“ఎవరో నాను సెప్పాలేటి. నూకాలు.”

“ఇంత డబ్బాలోనా?” అన్నాడు ఎల్లాజీ.

“సచ్చినోళ్ళకి ఎంత సోటు గావాలయ్యా. బతికున్నోళ్ళకే సాలదు.”

గంగాలమ్మ అటు తిరిగి కొండ చూసింది.

సన్యాసిరాజు చెంబెడు పసుపు నీళ్ళు మంత్రించి, మూత తీయించి, డబ్బాలోకి పోయించాడు. పట్టినన్ని పోయించాడు. “ఇంక పలకదు,” అని చెప్పి, మూడున్నరకే వ్యానెక్కి కూర్చున్నాడు.

ఆయన చెప్పినట్టే నూకాలు మర్నాటి నుంచి మూలగలేదు. అరిచింది. కట్టు తెంచుకున్న గేదెలా అరిచింది. బానెట్టు సందులోంచి పచ్చగా నురగ కక్కింది. ఉన్న అయిదుగురూ మలుపులోనే దిగిపోయి, గంపలెత్తుకుని, వెనక్కి తిరిగి చూడకుండా నడిచారు.

ఎల్లాజీ ఖాళీ వ్యాను ఏడిపించుకుంటూ గాజువాక తీసుకెళ్ళాడు.

అక్కడ భీమశంకరరావు షెడ్డు ఉంది. గోదావరి జిల్లా మనిషి. స్టీలుప్లాంటులో ఉద్యోగమని వచ్చి, అది రాక, ఎదురుగా షెడ్డేసుకుని ఇరవయ్యేళ్ళుగా ఆ పొగగొట్టాలు చూస్తూ బండ్లు బాగుచేస్తున్నాడు. డబ్బా మూత తీశాడు. వేలు ముంచాడు. వాసన చూశాడు.

“ఏమయ్యా, ఇందులో పులిహోర ఎవరు కలిపారు?”

ఎల్లాజీ మొత్తం చెప్పాడు. మూడు పిలుపుల సంగతి తప్ప.

భీమశంకరరావు నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది. “చూడు బాబూ. ఇంజనుకి బెల్టు. బెల్టు ఓ పంపుని తిప్పుతుంది. ఆ పంపు ఈ డబ్బాలో ఆయిలు లాగి, పైపులోంచి స్టీరింగు గేరుబాక్సుకి తోస్తుంది. ఆ ఆయిలే నీ బదులు చక్రాలు తిప్పుతుంది. చిటికెన వేలు, చిటికెన వేలు అని ఎగిరావే, ఆ కష్టమంతా దీనిదయ్యా. పైపు క్లిప్పు వదులైంది. ఆయిలు కారిపోయింది. ఖాళీలో గాలి దూరింది. పూర్తిగా తిప్పి పట్టుకున్నావనుకో, పంపుకి ఊపిరాడక మూలుగుతుంది. ఇందులో మీ నూకాలమ్మగారి పాత్ర ఏమీ లేదండి.”

“మరి ఆ మలుపులోనే ఎందుకు మేస్త్రీగారూ?”

“అంత మెలిక నీ దారిలో ఇంకెక్కడుంది? బజార్లో తిన్నగా పెడతావు. ఊళ్ళో తిప్పినప్పుడు కూడా మూలిగే ఉంటుంది. ఓపక్క సముద్రం, ఓపక్క మీ ఆడవాళ్ళు. పాపం దాని గోడు ఎవరికి వినపడుద్ది.”

పసుపు ఆయిలంతా వంపేశాడు. కొత్త ఆయిలుతో రెండుసార్లు కడిగాడు. పైపు మార్చి, క్లిప్పు బిగించి, ఎర్రటి ఆయిలు నింపాడు. ముందు చక్రాలు జాకీ మీద లేపి, ఎల్లాజీని కూర్చోబెట్టి, “ఎడమ చివరికి... కుడి చివరికి... మళ్ళీ...” అంటూ తిప్పించాడు. తిప్పినప్పుడల్లా డబ్బాలో బుడగలు పైకొచ్చి పగిలాయి. మూలుగు తగ్గింది... ఇంకా తగ్గింది... ఏడ్చి ఏడ్చి నిద్రపోయిన మనిషిలా ఆగిపోయింది.

“అయిపోయింది,” అన్నాడు భీమశంకరరావు, చేతులు తుడుచుకుంటూ. “శాంతి చేసేశాం.”

చీకటి పడ్డాక ఎల్లాజీ ఒక్కడే కొండ దిగుతున్నాడు. నాలుగో మలుపు వచ్చింది. ఊపిరి బిగబట్టి తిప్పాడు. చివరికంటా తిప్పాడు.

ఏమీ లేదు. కింద సముద్రం. అంతే.

సంతోషపడాల్సింది. కానీ వాడికో ఆలోచన వచ్చి వీపు మీద చల్లగా పాకింది. ఇన్నాళ్ళూ పిలుస్తున్నది నూకాలు కాదన్నమాట. అంటే నూకాలు పిలిచింది ఆ మూడు సార్లే. ఆ తరవాత ఇంక పిలవలేదు.

మర్నాడు సంగతి ఊరంతా పాకింది. అందరికన్నా గట్టిగా నవ్వింది గంగాలమ్మ. “ఆయిలటే. గాలటే. ఆ మాత్రం దానికి నా మోకాళ్ళు పోగొట్టుకున్నాను.” బజారుకెళ్ళి తిన్నగా గేటు ఎదుటి గట్టు దగ్గరికి నడిచింది. అక్కడ దేవి కూర్చుని ఉంది.

“మీ అమ్మ కాదటే, ఆయిలట. లేగు.”

గంగాలమ్మ దేవి గంపని కాలితో పక్కకి జరిపింది. మిగతావాళ్ళంతా చూశారు. అందరికీ ఒకేసారి చేపల పొలుసు తీసే పని తగిలింది. ఆ సాయంత్రం నుంచి కూర గిన్నెలు ఆగిపోయాయి. పాత చీర ఇచ్చినావిడ అది తిరిగి అడగలేదు, అది ఒక్కటే మిగిలింది.

తిరుగు ప్రయాణంలో అందరూ దిగాక, చివరి సీట్లోంచి దేవి అడిగింది.

“ఆ సప్పుడు ఇంక రాదా బావా?”

“రాదు. ఆయిలు నిండా పోసేసేరు.”

“ఎప్పటికీ రాదా?”

“ఆ క్లిప్పు వదులైతే తప్ప.”

దేవి “సరేలే,” అని దిగిపోయింది.

ఆ రాత్రి ఎల్లాజీ స్క్రూడ్రైవరు పట్టుకుని వ్యాను దగ్గరికెళ్ళాడు. బానెట్టు ఎత్తాడు. క్లిప్పు మీద పెట్టాడు. ఒక్క చుట్టు వదులు చేస్తే చాలు, గంగాలమ్మ లేస్తుంది... గంగాలమ్మ లేస్తే వ్యాను ఖాళీ అవుతుంది. చాలాసేపు అలాగే నిలబడ్డాడు.

స్క్రూడ్రైవరు జేబులో పెట్టుకుని ఇంటికి పోయాడు. గేరు మార్చినట్టే.

పది రోజులు గడిచాయి. జనం తిరిగొచ్చారు, పద్నాలుగు సీట్లూ నిండాయి. అమావాస్య ముందు రోజు తెల్లారుజామున, కళ్ళు పొడుచుకున్నా కానరాని చీకట్లో, వ్యాను నాలుగో మలుపు ఎక్కింది. ఎల్లాజీ చిటికెన వేలితో తిప్పాడు—

ఊఁ... ఊఁఊఁ...

వాడి వేలు అక్కడే గడ్డకట్టింది. ఆయిలు నిన్న రాత్రే చూశాడు. గీత దాకా ఉంది. క్లిప్పు బిగించే ఉంది. కానీ సన్నగా మొదలై, పైకి లేచి, అదే చోట నిలబడి... అదే మూలుగు.

“ఓరె... ఆయిలన్నావు గదరా...” అంది గంగాలమ్మ.

“నిండుగా ఉంది పిన్నీ...”

అంతే. గంగాలమ్మ సీట్లోంచి జారి కాళ్ళ సందున కూలబడింది. “నానే... నానేనే నూకాలూ. పోనీ అన్నది నానేనే. నీ సోటు నాకొద్దే, నీ కూతురికి ఇచ్చేత్తాను... ఆ సముద్రం తోడు... నన్నొగ్గీ...” అందరూ ఒకరినొకరు కరుచుకుపోయి వింటున్నారు. కాంతం వంజరం సంగతి కూడా మళ్ళీ ఒప్పేసుకుంది.

అప్పుడే ఎదురుగా ఓ లారీ మలుపు తిరిగింది. దాని లైటు ఒక్క క్షణం వ్యాను లోపలికి కొట్టింది. ఎల్లాజీ అద్దంలోకి చూశాడు.

చివరి సీట్లో దేవి. తల మీద తువ్వాలు. నోరు మూసి ఉంది. కళ్ళు మూసి ఉన్నాయి. గొంతు మాత్రం... ఒడ్డున పడ్డ చేప మొప్పలా కదులుతోంది.

అన్నాళ్ళూ రోజుకి రెండేసి సార్లు విన్న పాఠం. ఒక్క సున్నా తప్పకుండా అప్పజెబుతోంది.

ఎల్లాజీ బ్రేకు మీద కాలేసి, స్టీరింగు ఇంకాస్త నెమ్మదిగా తిప్పాడు. పిల్లకి ఊపిరి సరిపోవాలి కదా.

తెల్లారాక బజార్లో గంగాలమ్మ గేటు ఎదుటి గట్టు నీళ్ళు పోసి కడిగింది. కొబ్బరికాయ కొట్టింది. మిగతావాళ్ళందరినీ పేరుపేరునా పిలిచి, వాళ్ళ ముందు దేవిని చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. “మీరంతా సాచ్చికం. ఇది నూకాలు సోటు. దీనిదే.” తన గోనెసంచి తీసుకుని మురుక్కాలవ పక్కకి తనే నడిచింది. మోకాళ్ళు ఈసారి నిజంగానే ఒణికాయి.

మధ్యాహ్నం వ్యాను యారాడ చేరింది. అందరూ దిగిపోయారు. దేవి ఖాళీ గంప చంకన పెట్టుకుని డ్రైవరు తలుపు దగ్గరికొచ్చి నిలబడింది.

“అద్దంలో సూసేవు గదా బావా.”

“సూసేను.”

“ఎవరికీ సెప్పవు గదా.”

“నానేటి సెప్తాను. నీ సోటు నీకొచ్చింది. అయిపోనాది గదా.”

“పెద్దమ్మది అయిపోనాది,” అంది దేవి. “పోనీ అని ఒక్కసారే అన్నాది. నాను కూడా ఒక్కసారే మూలిగేను. దానికీ దానికీ సరిపోనాది.”

గంప ఇంకో చంకకి మార్చుకుంది. గొంతు తగ్గించింది.

“నీకు మూడున్నాయి.”

ఎల్లాజీ చేతులు స్టీరింగు మీదే ఉండిపోయాయి. ఇంజను ఆపేసి ఉంది. ఇంజను ఆగితే పవర్ స్టీరింగు రాయిలా బిగుసుకుపోతుంది... కదలలేదు. వాడూ కదలలేదు.

“మూడని... ఎవరు సెప్పేరే నీకు?”

దేవి వాడి వైపు వింతగా చూసింది, ఇదేం ప్రశ్న అన్నట్టు.

“ఎవరు సెప్తారు బావా. రోజూ ఆ మలుపు నాను కూడా దాటతన్నాను గదా.”